సముద్రము దాటిన కుటుంబములు – తల్లి పుట్టినింటిపేరు

పురాణమునకు పెద్దలు చెప్పిన పంచలక్షణములలో వంశము, వంశానుచరితము అను రెండును కలవు. ఎవరి తరువాత నెవరు పుట్టిరో యెరుగుట విద్యలో నొక భాగమని మన పూర్వులు తలంచిరి. కాని సూర్యవంశపు రాజుల పేర్లు వరుసగా నప్పగింపగలవారు సైతము ఆ రాజుల తల్లుల పేర్లు నాలుగైనను చెప్పజాలరు. ఈ మాసమున మేము, తమ తాతముత్తాతలు విడిచివచ్చిన యూరేదో తెలియక వెదకుకొనుచున్న కొందరిని గూర్చి వ్రాయదలచితిమి. వారు అమెరికా సంయుక్తరాష్ట్రములలో స్థిరపడిన పోలండు దేశీయుల సంతతివారు. వారి వెదకులాటలో తల్లి పుట్టినింటిపేరే తాళపుచెవి యగుచుండుట మన మాలోచింపదగిన విషయము.

మొదట ఆ దేశపు కథ కొంత తెలియవలయును. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యములు 1772, 1793, 1795 సంవత్సరములలో మూడు విడతలుగా పోలండును పంచుకొనినవి. మూడవ పంపకముతో ఆ దేశపు స్వాతంత్ర్యము పూర్తిగా పోయెను. మరల 1918లో గాని యది స్వతంత్రదేశము కాలేదు. ఈ నడిమికాలముననే లక్షలకొలది జనులు ఓడలెక్కిరి. పొట్ట చేతబట్టుకొని పోవుట యని మన మనునట్లే, రొట్టెకై పోవుట యని వారందురు. తండ్రి పొలమును కొడుకులు పంచుకొనగా, వారి పాళ్లను మనుమలు పంచుకొనగా, తుదకు మిగిలిన చెక్క యొక కుటుంబమునకైనను కూడు పెట్టజాలకపోయెను. 1854లో సైలీషియా ప్రాంతపు పల్లెజనులు కొందరు మొచిగెంబా యను మతగురువు పిలుపు నందుకొని, గాల్వెస్టను రేవున దిగి, టెక్సాసులో పన్నా మరియా యను నూరు కట్టుకొనిరి. కన్య మరియమ్మ యని దాని యర్థము. ఆ దేశమున పోలండువారి స్థిరనివాసములలో నదియే మొదటిది. తరువాత వచ్చినవారు చికాగో, బఫలో, డెట్రాయిట్ నగరముల కార్ఖానాలకును, పెన్సిల్వేనియా బొగ్గుగనులకును చేరిరి.

ఇక చిక్కు చూడుడు. మనుమరాలు తన తాతగారి జన్మస్థలమును అమెరికా జనాభాలెక్కలలో వెదకబోగా, నచట రష్యా యనియో, ఆస్ట్రియా యనియో, జర్మనీ యనియో వ్రాసియుండును. పోలండను రాజ్యమే లేని కాలమున పుట్టినవాడు మరేమని చెప్పుకొనగలడు? 1910, 1920 సంవత్సరముల లెక్కలలో మాతృభాష యేదని కూడ నడిగిరి గనుక, రష్యాలో పుట్టి పోలిషు భాష మాటలాడినవాడని తెలిసికొనుట కొంత సులభమైనది. 1890వ సంవత్సరపు లెక్కలు మాత్రము 1921లో జరిగిన యగ్నిప్రమాదమువలన చాలవరకు నశించినవి. ఈ లెక్కల కాగితములను డెబ్బదిరెండేండ్లు గడచినగాని యెల్లరకును చూపరు. 1950వ సంవత్సరమువి 2022లో వెలికివచ్చినవి.

పేర్ల చిక్కు మరియొకటి. న్యూయార్కు రేవున 1892లో తెరచిన ఎల్లిస్ దీవిలో నధికారులు నోరు తిరుగని పేర్లను తమ యిష్టమువచ్చినట్లు మార్చివేసిరని యనేక కుటుంబములలో చెప్పుకొందురు. ఇది నిజము కాదు. ఓడ బయలుదేరిన రేవుననే పేర్ల పట్టిక తయారై వచ్చెడిది. ఎల్లిస్ దీవిలోని యుద్యోగులు దానిని ముందుంచుకొని ప్రశ్నించెడివారు. పేర్లు మార్చుకొనినవారు తరచుగా ఆ వచ్చినవారే. పనిలోనికి పోయినప్పుడును, పిల్లలను బడిలో వేసినప్పుడును నోటికి తేలికయగు పేరు పెట్టుకొనిరి. వోయ్‌చెహ్ ఆల్బర్ట్ అయ్యెను, వ్వాదిస్వావ్ వాల్టర్ అయ్యెను, స్తానిస్వావా యను నిల్లాలు స్టెల్లా యయ్యెను. ఇంటిపేరులోను నొక విశేషము కలదు. కమ్మరిని వారు కోవల్ అందురు. దానినుండి వచ్చిన కోవాల్‌స్కి యను నింటిపేరు స్త్రీకి కోవాల్‌స్కా యగును. ఈ మర్యాద తెలియనివాడు భార్యాభర్తలవి రెండు వేరు ఇంటిపేర్లని భ్రమపడును.

సోదరీమణులు శ్రద్ధగా చూడవలసిన సంగతి యిక వచ్చుచున్నది. అమెరికాకు వచ్చిన స్త్రీ యా దేశపు కాగితములలో మెల్లగా మరుగుపడిపోయెను. 1922లో చట్టము మారువరకు, భర్త పౌరుడైనచో భార్యయు నతనితోపాటు పౌరురాలైనట్లే యెంచిరి. కావున నామె పేరిట వేరు దరఖాస్తు లేదు. లెక్కలలో నామె ఫలానావాని భార్య. సమాధిరాతిపై భర్త యింటిపేరే. ఆమె యెవరి యింటి యాడుబిడ్డయో చెప్పు చోట్లు మిక్కిలి తక్కువ.

కాని యామె విడిచివచ్చిన పల్లెలోని చర్చి పుస్తకమున నామె మరుగుపడలేదు. కాథలిక్కు చర్చిలో జ్ఞానస్నానములను, వివాహములను పుస్తకమున వ్రాసియుంచవలెనని 1563లో ట్రెంటు మహాసభ విధించెను. ఆస్ట్రియా యేలుబడిలోని గలీషియా ప్రాంతమున నీ పుస్తకములు లాటిను భాషలో గడులు గీసి వ్రాయబడినవి. బిడ్డపేరు, ఇంటి సంఖ్య, తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పుట్టినింటిపేరు వాటిలో నుండును. అనేకచోట్ల తాతల పేర్లును, పురుడు పోసిన మంత్రసాని పేరును గూడ కానవచ్చును. వార్సా ప్రాంతమున 1808 మొదలు నెపోలియను చట్టము ననుసరించి వాక్యములుగా వ్రాసిరి. ఏ దినమున నే గంటకు తండ్రి బిడ్డను తీసికొనివచ్చెనో, సాక్షులెవరో, తల్లి యే యింటివారి పిల్లయో, ఆమె వయస్సెంతయో యన్నియు నందుండును. 1868 వరకు పోలిషు భాషలోను, ఆ తరువాత మొదటి మహాయుద్ధకాలము వరకు రష్యను భాషలోను వ్రాసిరి. బిడ్డ పుట్టిన ప్రతిమారును తల్లి పుట్టినింటిపేరు మరల వ్రాయబడెను. అందువలన నొకే పల్లెలో నొకే పేరుగల పురుషులు నలుగురున్నను, భార్య పుట్టినింటిపేరును బట్టి మనవాడెవడో నిర్ణయింపవచ్చును. పురుషుని వంశము నిలబెట్టుచున్నది యాతని యిల్లాలి పుట్టినిల్లే యనుట యిచ్చట నక్షరాల నిజము.

అయితే ఆ పుస్తకమును చేరుటకు పల్లె పేరు తెలియవలయును గదా! వెదకువారు కొమ్మను పట్టుకొని వేరునకు పోవుదురు, అనగా తెలిసినదానినుండి తెలియనిదానికి. ముందు మరణపత్రమును చూతురు. అందు తల్లిదండ్రుల పేర్లతోపాటు తల్లి పుట్టినింటిపేరు వ్రాయు గడి యుండును. తరువాత పోలండువారు కట్టుకొనిన చర్చిలోని వివాహపుస్తకము. 1936 మొదలుకొని సామాజిక భద్రతా సంఖ్యకై పెట్టుకొనిన దరఖాస్తులలోను తల్లి పుట్టినింటిపేరు నడిగిరి. 1906 చట్టమునకు పిమ్మట పౌరసత్వపు కాగితములు వివరముగా నుండును. 1907 తరువాతి యోడల పట్టికలలో జన్మస్థలమును, స్వదేశమున మిగిలిన దగ్గరి బంధువు పేరును వ్రాసిరి. హాంబర్గు రేవు పట్టికలు 1850 నుండి 1934 వరకు చాలవరకు నిలిచియున్నవి. బ్రెమెను రేవు పట్టికలు చాలవరకు నశించినవి. ఊరిపేరు దొరకినను పని తీరదు. దొంబ్రోవా యను పేరుగల గ్రామములు పోలండులో పెక్కులు. 1880 మొదలు 1902 వరకు వెలువడిన భౌగోళిక నిఘంటువును చూచి, యే గ్రామ మే చర్చి క్రింద నుండెనో తెలిసికొనవలయును.

యుద్ధములు కొన్ని పుస్తకములను దహించినవి. 1944లో వార్సా నగరపు పత్రభాండాగారములు తగులబెట్టబడినవి. ఐనను రష్యా యేలుబడిలోని పోలండున ప్రతి పుస్తకమునకు రెండు ప్రతులు వ్రాసి, యొకటి చర్చిలోను, మరియొకటి న్యాయస్థానమునను ఉంచుచుండిరి. ఒకటి పోయినచోట రెండవది వంశమును కాపాడిన సందర్భములు కలవు. నేడు జననపత్రములు నూరేండ్లును, వివాహ మరణపత్రములు ఎనుబదియేండ్లును స్థానిక కార్యాలయములలో నుండి, పిమ్మట ప్రభుత్వ పత్రభాండాగారమునకు చేరును. పోలిషు వంశశాస్త్ర సంఘమువారి గెనెటెకా యను సూచికను ఇంటర్నెట్టులో నింటనుండియే చూడవచ్చును.

ఇంత శ్రమపడి వెదకువారిని చూచినప్పుడు మాకొకటి తోచుచున్నది. వారు కోరునది యాస్తి కాదు, బిరుదు కాదు. చెప్పులు లేని కాళ్లతో నోడ యెక్కిన ముత్తవ్వ యే యింటి కూతురో తెలిసికొనుటయే. శ్రాద్ధమునందు తల్లిని, నాయనమ్మను, ఆమె యత్తగారిని పేర్కొనుట మనకు గలదు. కాని యా ముగ్గురును భర్తల గోత్రముతోనే తలంపబడుదురు. వారి పుట్టినిండ్ల సంగతి మంత్రములో లేదు. మన కాగితములలోను తరచుగా నుండదు. అది పెద్దమ్మల నోళ్లలోనే యున్నది. ఆ నోళ్లు మూతపడిన పిమ్మట వెదకుటకు మనకు చర్చి పుస్తకము వంటిదొకటి ప్రతి యూరను లేదు.

కావున సోదరీమణులారా, ఒక చిన్న పుస్తకము తీసికొనుడు. మీ తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి యెవరో వ్రాయుడు. ప్రతి పేరునకెదురుగా పుట్టినింటిపేరు, పుట్టినయూరు, మెట్టినయూరు, తోబుట్టువుల పేర్లు వ్రాయుడు. తండ్రి పక్షమునను అట్లే చేయుడు. ఇంట పెద్దవారున్నచో నాలస్యము చేయక వారి నడుగుడు. సంవత్సరము తెలియకున్న, ఏ గాలివాననాడో, ఏ పుష్కరములనాడో యని వారు చెప్పినదే వ్రాయుడు. పాత ఛాయాపటముల వెనుక పేర్లు వ్రాసి యుంచుడు. రేపు మన బిడ్డలు ఏ దేశమున నున్నను, వారి బిడ్డ లొకనాడు మనల నడుగుదురు. ఆనాడు వారికి జవాబు దొరకవలయును.