ఒకే కాటా మీద

ఈ సంవత్సరం మా కళాశాల చర్చాగోష్ఠిలో "నైతిక దృష్టితో కమ్యూనిజం మేలా, పాశ్చాత్య ధనస్వామ్యం మేలా?" అన్న విషయంపై విద్యార్థి మిత్రులు రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నారు. ఒకరు ఉక్రెయిన్ అనగానే మరొకరు బెంగాల్ అన్నారు. వింటున్న మాకు వింతగా తోచినదొక్కటే. తమ పక్షపు మరణాలకు "పొరపాటు" అనీ, ఎదుటి పక్షపు మరణాలకు "స్వభావం" అనీ ఇరువురూ పేరు పెట్టారు. కొనుటకొక కాటా, అమ్ముటకొక కాటా ఉంచుకొనే వర్తకుని సంగతి గుంటూరు మిరప రైతుకు మేము చెప్పనక్కరలేదు.

మా జిల్లా కథతోనే మొదలుపెడతాము. 1832-33 నాటి నందన కరువును మన పెద్దలు డొక్కల కరువన్నారు. నాటి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుండి 2 లక్షల వరకు నశించారని అంచనా. ఏలినది రాజు కాదు, లాభం కోసం ఏర్పడిన ఒక వర్తక కంపెనీ. వానలు కురవకపోవడం దాని తప్పు కాదు గాని, శిస్తుపై దానికున్న శ్రద్ధ ప్రాణాలపై లేదు.

సరిగ్గా నూరేండ్లకు, 1932-33లో, శ్రామికుల పేరిట ఏర్పడిన సోవియట్ ప్రభుత్వం ఉక్రెయిన్ రైతుల గాదెలు ఊడ్చుకుపోయింది. లక్షలాది మంది ఆకలితో మరణించారు. 1930-33 మధ్య కజకిస్తాన్‌లో పశువులనూ ధాన్యాన్నీ లాగుకొనగా మరణించినవారు సుమారు 15 లక్షలు. వారిలో అత్యధికులు ముస్లిం పశుపోషకులు. ఆ మాట చెప్పునప్పుడు మా గుండె కొంచెం ఎక్కువ బరువెక్కడం సహజమే. కాని ఆ కారణంగా మా కాటాలో ఒక రాయి అదనంగా వేయము.

పత్తి సంగతి మనకు మరింత దగ్గరిది. లాంకషైరు మిల్లులు అమెరికా బానిసలు ఏరిన పత్తితో తిరిగాయి. 1861-65 అంతర్యుద్ధంలో ఆ పత్తి ఆగిపోగా మన దేశపు పత్తికి ధర పెరిగింది. యుద్ధం ముగియగానే పడిపోయింది. ఈ పాపంలో కమ్యూనిస్టులకు భాగం లేదు. అట్లని ఉజ్బెకిస్తాన్ వైపు చూస్తే, మాస్కో ప్రణాళికలు విధించిన పత్తి కోసం అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని చేలకు మళ్ళించగా, 1960 నుండి ఆరల్ సముద్రం ఎండిపోతూ వచ్చింది. శరత్కాలంలో బడిపిల్లలను పత్తి ఏరడానికి తోలేవారు. 1991లో సోవియట్ యూనియన్ అంతరించిన తరువాత కూడా ఆ అలవాటు చాలా ఏండ్లు సాగింది. ఇక్కడ 2000 ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సంకర పత్తి విత్తన క్షేత్రాలలో పువ్వులకు పుప్పొడి అద్దినదీ పిల్లలే, అందునా ఎక్కువగా ఆడపిల్లలే. వారిని తోలినది సర్కారు ఆజ్ఞ కాదు, తల్లిదండ్రుల చేతిలో పెట్టిన బయానా. ఆ చిన్న వేళ్ళకు ఈ భేదం తెలుస్తుందా?

మఖ్దూం మొహియుద్దీన్ వంటి ఉర్దూ కవి తెలంగాణ రైతుల పక్షాన నిలిచాడు. 1946-51 పోరాటంలో వెట్టికి ఎదురొడ్డిన ఎర్రజెండా చేసిన మేలును మేము తక్కువ చేయము. కాని అదే జెండా రాజ్యమేలిన దేశాలలో కవుల నోళ్ళు మూతపడ్డాయి. 1959-61లో చైనాలో కోట్ల మంది ఆకలితో చస్తుండగా ఆ దేశపు పత్రికలు నిజం వ్రాయలేకపోయాయి. స్వేచ్ఛగల పత్రికలున్న ప్రజాస్వామ్యంలో అంతటి కరువు రాలేదని అమర్త్య సేన్ చూపిన భేదం మాకు చిన్నదిగా తోచదు. తమ వలసలకు ఆ స్వేచ్ఛను నిరాకరించినవారని మరువకుండానే, ఈ ఒక్క విషయంలో మా ఓటు పాశ్చాత్య దేశాలకే వేస్తున్నాము.

అయితే 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పత్తిపై తెల్లదోమ విరుచుకుపడింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. అప్పు తీర్చే దారి కానరాక పలువురు రైతులు ఆ పురుగుమందే త్రాగారు. 1997-98లో వరంగల్లు జిల్లాలోనూ అదే జరిగింది. పత్రికలు వ్రాశాయి, ఎవరి నోరూ ఎవరూ మూయలేదు. లక్షమంది ఒక్కసారిగా చస్తే కరువంటారు, ఒక్కొక్కరుగా చస్తే అది వారి ఇంటి సంగతి. గోష్ఠిలో ధనస్వామ్య పక్షం వహించిన మిత్రులెవరూ ఈ మాట ఎత్తలేదు. ఎదుటి పక్షానికీ అది జ్ఞాపకం రాలేదు. ఆ పత్తి చేల నుండి వచ్చిన బిడ్డలు మాత్రం ఆనాడు మా ప్రక్క బల్లలపైనే కూర్చుని విన్నారు.