పరుల యింటి యుయ్యెల

గత మాఘమాసమున మా వీధిలో నొక బారసాల జరిగినది. పిలుపు వచ్చినందున మేమిరువురమును పోయితిమి. ఉయ్యెలకు పూలు చుట్టియుండిరి. ముత్తయిదువలు బిడ్డను ఒకరి చేతినుండి యొకరు అందుకొని ముద్దాడుచుండిరి. మా వంతు వచ్చుసరికి ఆ యింటి పెద్దావిడ నవ్వుచునే బిడ్డను మమ్ము దాటించి ప్రక్కవారి చేతిలో నుంచినది. మా యింటి యిల్లాలు చాచిన చేతులు చాచినట్లే యుండెను. ఎవరును మాటాడలేదు. తాంబూలము మాత్రము మరువక యిచ్చిరి.

ఇది రాజమహేంద్రవరము. 1881వ సంవత్సరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిన పట్టణము. విధవ యెదురువచ్చుట యపశకునమనుట మూఢత్వమని యిప్పుడు మా వీధిలో నెల్లరును ఒప్పుకొందురు. గొడ్రాలు బిడ్డ నెత్తుకొన్నచో దృష్టి తగులుననుట మాత్రము మూఢత్వము కాదట, జాగ్రత్తయట! పసిబిడ్డకు పరులవలన రాగల కీడు కన్నులనుండి రాదు, కడుగని చేతులనుండి వచ్చును. చేతులు కడుగుకొని రమ్మనినచో సంతోషముతో కడుగుకొని యుందుము.

అవమానమునుగూర్చి మొరపెట్టుకొనుటకు ఈ వ్యాసము వ్రాయుట లేదు. అది మాకు పాతదే. ఆనాడు మేము పోగొట్టుకొన్నది మర్యాద కాదు, ఒక పాఠము. ఏలన మేము దత్తతకై వేచియున్న దంపతులము. 2023లో కేంద్ర దత్తత సంస్థవారి జాబితాలో పేరు నమోదు చేయించుకొంటిమి. 2024-25 సంవత్సరమున దేశమంతట 4,515 మంది పిల్లలు దత్తతకు వెళ్ళిరి. వేచియున్నవారు 30,000 మందికి పైబడియున్నారు. కావున మూడేండ్లు, అంతకు మించియు కాచుకొనవలసియుండును. తుదకు కబురు వచ్చిననాడు బిడ్డ ఫోటోను, వైద్య పత్రమును చూచి 48 గంటలలో సమ్మతి తెలుపవలెను. ఏండ్ల తరబడి నిరీక్షణ, రెండు దినముల నిర్ణయము, ఆ వెనుక కొలది దినములకే యింట బిడ్డ!

ఈ మూడేండ్లు ఏమి చేయవలెను? కాగితములు సరిచూచుకొనుడని కొందరు, మ్రొక్కుకొనుడని కొందరు చెప్పిరి. సంస్థ తరపున నొక కార్యకర్త వచ్చి మా ఆదాయమును, ఆరోగ్యమును, కాపురమును, ఉద్దేశమును విచారించెను. అది న్యాయమే. కాని అర్ధరాత్రివేళ బిడ్డకు జ్వరము వచ్చినచో కాళ్ళు చేతులు ఆడని తండ్రికి ఆ నివేదిక యేమి నేర్పగలదు?

“కన్నవారికి నేర్పనక్కరలేదు, కననివారికి నేర్పినను రాదు” అని మా బంధువులలో నొకరు సెలవిచ్చిరి. ఈ మాటలో సగమేని నిజము లేదు. కన్నవారికి నేర్పుట లేదా? తొలి కాన్పునకు ఆడపిల్లను పుట్టింటికి పంపు ఆచార మెందుకు పుట్టినది? అక్కడ తల్లి యుండును, అమ్మమ్మ యుండును, పిల్లలను పెంచిన పిన్నమ్మ యుండును. బిడ్డ తల నెట్లు పట్టవలెనో, త్రేనుపు వచ్చువరకు భుజముపై నెట్లు వేసికొనవలెనో, ఏ యేడుపు ఆకలిదో, ఏది నిద్రదో ఆ మూడు నెలలలో ఆ పిల్ల నేర్చుకొనును. పుట్టిల్లనునది మన దేశమున మాతృత్వమునకు బడి. దానిలో చదివి వచ్చినవారే తమకా విద్య పుట్టుకతో నబ్బినదని చెప్పుకొనుట వింతగా నున్నది! దత్తత చేసికొను స్త్రీని ఆ బడికి పంపువారెవరు? పురుషుని మాట చెప్పనే యక్కరలేదు. కన్న తండ్రికిని మనవారు పుట్టిల్లు కల్పింపలేదు.

అందుచేత మేము పరుల యిండ్లనే పుట్టిండ్లు చేసికొంటిమి. మొదట మేమును తప్పుగనే పోయితిమని యొప్పుకొనవలెను. బొమ్మలు కొనిపోయి, బిడ్డ నవ్వినంతసేపు ఆడించి, ఏడ్పు మొదలిడగనే తల్లికిచ్చి లేచి వచ్చుచుంటిమి. అది చుట్టపుచూపు. ఏడ్పు మొదలైన తరువాత కూర్చుండుట నేర్చినపిమ్మటనే మాకు చదువు ప్రారంభమైనది.

ఒక యింట ముసలమ్మగారు కాళ్ళు చాచుకొని కూర్చుండి, మనుమరాలిని కాళ్ళపై బోర్లించి నీళ్ళు పోయుట చూచితిమి. ముక్కులోను చెవులలోను నూనె వేయవలెనని యామె, కూడదని డాక్టరుగారు. ఆ విషయమున మేము డాక్టరుగారి పక్షము. కాని నీటి వేడిని మోచేతితో చూచుటయు, జారు శరీరమును అదరక పట్టుటయు ఆమెవద్దనే నేర్వవలెను. వేరొక యింట పాలపొడి కలుపుట నేర్చితిమి. నీళ్ళు కాచి చల్లార్చవలెను; డబ్బాపై వ్రాసిన కొలతకు మించి నీరు పోసినచో బిడ్డ కడుపు నిండును గాని బలము రాదు. చనుబాలు లేని మా యింటి కిది చిన్న విషయము కాదు.

మూడవ యింటిని మేమెన్నటికిని మరువము. ఆ దంపతులు నాలుగేండ్ల బాలుని దత్తత చేసికొనిరి. వాడు వచ్చిన వారమునకు దిండు క్రింద రొట్టెముక్కలును బిస్కత్తులును దొరకినవట. నలుగురిలో పెరిగినవాడు, రేపటి తిండి రేపు దొరకునను నమ్మకము వానికి లేదు. ఆ తల్లి తిట్టలేదు, దిండు దులుపలేదు. జంతికల డబ్బా యొకటి వానికందునట్లు మంచము ప్రక్కన నుంచి, తరిగినప్పుడెల్ల నింపుచు వచ్చెను. ఎన్నో నెలలకు వాడు డబ్బాను మరచినాడు. ఆమె మరియొక మాట చెప్పెను. తొలినెలలో వానిని చూచినచో పరాయివారి బిడ్డను కాచుచున్నట్లే తోచినదట. ప్రేమ యింకను రాలేదేమని చాటున నేడ్చినదట. అడుగనిదే యెవ్వరును చెప్పని యీ మాట మాకు వేయి దీవెనలకంటె నెక్కువ పనికివచ్చినది.

ఇక నాలుగవ యిల్లు. అక్కడ మేము నేర్చినది ఏమి చేయరాదో యని. బిడ్డను తెచ్చుకొనగనే ఆ కుటుంబము ఊరు మారినది, నిజము దాచినది. ఇరువది యేండ్ల తరువాత పెండ్లిచూపులనాడు ఒక దూరపు బంధువు నోరు జారినాడు. ఆ పిల్ల తలిదండ్రులను ద్వేషింపలేదు. వారి మాటను నమ్ముట మాత్రము మానినది. దాచిపెట్టుమని బోధించు పెద్దలు ఆ పిల్ల మొగమును చూచి యుండవలసినది.

“ఎవరి రక్తమో” యను ఆక్షేపణ కూడ వింటిమి. ఈ మాట యనువారే భాగవత సప్తాహమునకు పోయి యశోద ముద్దులకు కన్నీరు కార్తురు. 1956వ సంవత్సరపు శాసనము వచ్చువరకు హిందువులలో ఆడుబిడ్డను దత్తత చేసికొనుటకే సామాన్యముగ వీలులేదు. పిండము పెట్టు కొడుకు కావలెను గాని పెంచుటకు బిడ్డ కావలెనను తలంపు శాస్త్రమునకు లేకపోయినది. శాసనము మారినది, చూపు మారలేదు. ఉద్యోగపర్వమున కర్ణుడు తన్ను పిలువవచ్చిన కృష్ణునితో, నాపై మమతచే రాధకు స్తన్యము వచ్చినది, ఆమె నా మలమూత్రములెత్తినది, అట్టి తల్లికి పిండము నెట్లు తప్పింతునని యడుగును. పురాణము చెప్పువారు పాలు వచ్చిన వింతనే వర్ణింతురు. ఆ రెండవ మాటను విడిచిపెట్టుదురు. మా కక్కరకు వచ్చినది ఆ రెండవదే. పాలు వచ్చుట మా చేతిలో లేదు, గుడ్డలు మార్చుట నేర్చుకొనవచ్చును.

కావున బిడ్డలు గల తల్లులను మేము కోరునది జాలి కాదు. మీ యింట పసిబిడ్డ యున్నచో, మీ వీధిలో వేచియున్న దంపతులున్నచో, వేడుకనాడు కాదు, బిడ్డకు పండ్లు వచ్చుచు రాత్రి నిద్రలేనినాడు పిలువుడు. ఆ తండ్రికి ఒక గంట బిడ్డనిచ్చి మీరు పండుకొనుడు. ఆయన తడబడినచో నవ్వుడు గాని బిడ్డను లాగికొనకుడు.

బారసాల జరిగిన యింటి కోడలు మొన్న మా గుమ్మములోనికి వచ్చెను. అత్తగారు తీర్థయాత్రకు వెళ్ళిరట. బిడ్డకు నీళ్ళు పోయుటకు తనకు భయముగా నున్నదట. ఆదివారము ఆరు గంటలకు రమ్మని యడిగెను. వత్తుమని చెప్పితిమి. సున్నిపిండి కంటిలో పడకుండ తల నెంత వెనుకకు వాల్చవలెనో ముసలమ్మగారినడిగి శనివారము సాయంకాలము మరల నొకసారి చూచి రావలెను.