నొప్పి పోయింది, మర్జ్ పోలేదు

కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేంత నొప్పి లేచిందంటే మా ఇళ్లల్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "గోష్ తగ్గించు మియా". రెండోది, "ఫలానా గోలీ తెచ్చుకో, మా భాయ్‌జాన్‌కి రెండ్రోజుల్లో ఆరామ్ అయింది". మొదటిది సగమే నిజం. రెండోది ప్రాణం మీదికి తెచ్చే మాట.

హకీంలు నిక్రిస్ అనేదీ, డాక్టర్లు గౌట్ అనేదీ ఒకటే బిమారీ. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. పాయా, కలేజీ దండిగా తిన్న బక్రీద్ వారంలో నొప్పి లేవొచ్చు, కాదనను. కానీ చాలామందిలో అసలు కారణం గుర్దాలు యూరిక్ యాసిడ్‌ని సరిపడా బయటికి పంపకపోవడం. అది ఖాన్‌దాన్‌లో వచ్చే గుణం కూడా. బీపీకి వాడే కొన్ని నీటి గోలీలు, గుండె కోసం రోజూ వేసుకునే చిన్న ఆస్ప్రిన్ కూడా దాన్ని పెంచుతాయి. గోష్ ముట్టని ఇళ్లల్లోనూ ఈ మర్జ్ ఉంది. అయినా మనవాడికి వస్తే "నవాబుల బిమారీ" అని మజాక్. ఆ షరమ్‌తోనే మనిషి దవాఖానాకు పోకుండా మెడికల్ షాపు మెట్లెక్కుతాడు.

షాపులో దొరికేది నొప్పి గోలీ. మా ఖాలూ ఏండ్లకేండ్లు చిట్టీ లేకుండా అవే తెచ్చుకుని మింగిండు. నొప్పి తగ్గేది, మర్జ్ మాత్రం లోపల అట్లనే ఉండేది. ఆఖరికి ఆయన గుర్దాలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు అసలు దవా ఇయ్యాలన్నా డాక్టర్ క్రియాటినిన్ చూసి లెక్కగట్టి ఇయ్యాల్సి వస్తున్నది.

ఆ అసలు దవా చాలామందికి అల్లోప్యూరినాల్. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ బృందం చేసిన పని అది. అమెరికాలో 1966లో ఇజాజత్ వచ్చింది, ఆ ఇద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారుచేసే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. అంతేగానీ అది నొప్పి గోలీ కాదు. మన వాళ్లు సరిగ్గా ఉల్టా చేస్తారు, నొప్పి లేచినప్పుడు మింగి, తగ్గగానే బంద్ పెడతారు. ఇది రోజూ, ఏండ్ల తరబడి వేసుకోవాల్సిన దవా. అలవాటుగా వేసుకుంటున్న మనిషి మధ్యలో నొప్పి లేచినా ఆపొద్దు.

ఇంకో పేచీ ఉంది. మొదలుపెట్టిన కొత్తలో పాత స్ఫటికాలు కరుగుతుంటే నొప్పి ఇంకా ఎక్కువసార్లు రావొచ్చు. "దవా ఉల్టా పడింది" అని సగంమంది వదిలేసేది అక్కడే. అందుకే తెలిసిన డాక్టర్లు మొదటి మూడు నుంచి ఆరు నెలలు తోడుగా చిన్న మోతాదు కోల్చిసిన్ గానీ ఇంకో దవా గానీ రాస్తారు. అల్లోప్యూరినాల్ మాత్రం రోజుకు 100 మిల్లీగ్రాములకు మించకుండా, గుర్దాలు బలహీనంగా ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూసుకుంటూ యూరిక్ యాసిడ్ 6 లోపు దిగేదాకా మెల్లగా పెంచుతారు. భాయ్‌జాన్ వేసుకునే 300 గోలీ భాయ్‌జాన్‌దే, మీది కాదు.

అసలు భయపడాల్సింది దద్దుర్లకు. అరుదే, కానీ వస్తే జాన్‌లేవా. ఎక్కువగా మొదటి రెండు నెలల్లో వస్తుంది. ఒంటిమీద దద్దులు, నోట్లో పుండ్లు, కండ్లు ఎర్రబడటం, బుఖార్, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే గోలీ ఆపి దవాఖానాకు పోవాలి. దురద గోలీ వేసుకుని ఇదీ మింగుతా అంటే కుదరదు. తగ్గినంక సొంతంగా మళ్లీ మొదలుపెట్టడం అంతకన్నా ఖతర్నాక్. గుర్దా మార్పిడి అయినవాళ్లకు ఇచ్చే అజాథియోప్రిన్‌తో ఇది కలిస్తే రక్తం తయారీనే దెబ్బతింటుంది. వేసుకుంటున్న ప్రతి గోలీ పట్టా డాక్టర్ ముందు పెట్టాలనేది అందుకే.

కోల్చిసిన్ గురించి మనవాళ్లకే ప్రత్యేకంగా ఒక మాట. యునానీలో తరతరాలుగా నిక్రిస్‌కి ఇచ్చే సురంజాన్, కోల్చిసిన్ దొరికే మొక్క, రెండూ ఒకే ఖాన్‌దాన్. హకీంల యకీన్ ఉత్తది కాదన్నమాట. కానీ కోల్చిసిన్‌లో దవాకీ జహర్‌కీ మధ్య దూరం చాలా తక్కువ. పొద్దున మాజూన్ సురంజాన్, రాత్రి కోల్చిసిన్ అంటే ఒకే తీరు దవా రెండుసార్లు పడొచ్చు. విరేచనాలు పట్టుకుంటే అది మొదటి హెచ్చరిక. క్లారిథ్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్‌తో కలిస్తే ఇంకా ప్రమాదం. హకీం సాబ్‌కి డాక్టర్ చిట్టీ, డాక్టర్‌కి హకీం నుస్ఖా చూపించడంలో బేఇజ్జతీ ఏముంది?

డాక్టర్లనూ అడగాలి. రెండు నిమిషాల్లో ఇంగ్లీషు చిట్టీ రాసి పంపితే, ఉర్దూ తప్ప చదవరాని మా ఖాలాకి దద్దుర్లొస్తే ఆపాలని ఎట్లా తెలుస్తుంది? ఆ ఒక్క ముక్క నోటితో చెప్పడానికి ఎంత టైమ్ పడుతుంది?

రంజాన్‌లో ఈ గోలీ పెద్ద కష్టం కాదు, మామూలుగా రోజుకు ఒక్కసారే కాబట్టి ఇఫ్తార్ తిన్నంక వేసుకోవచ్చు. కష్టమల్లా నీళ్లతోనే. ఇఫ్తార్ నుంచి సెహ్రీ దాకా బాగా తాగాలి. గుర్దాలు బాగోలేని వాళ్లు రోజా పెట్టే ముందు డాక్టర్‌ని అడగాలి. ఖాలూ పోయినేడు అడిగిండు, వద్దన్నారు. ఫిద్యా ఇచ్చి, నెలంతా మా అందరి మీదా చిరాకు పడుతూ, రోజూ గోలీ మాత్రం మర్చిపోకుండా వేసుకున్నడు.