అరిగింది రోలరు, ట్రాన్స్‌ఫార్మర్ కాదు

ఇక్కడ పాత వస్తువు ఫొటో పెట్టినప్పుడల్లా చుట్టాల దగ్గర్నుంచి వచ్చే మాట ఒకటే. "ఎంత బాగా దాచారండీ!" ఇత్తడి గుండిగ పెట్టినా అదే మాట, ముత్తాతగారి లాంతరు పెట్టినా అదే మాట. చాన్నాళ్ళు మేమూ మురిసిపోయాం. ఇప్పుడు ఆ మాట వింటే చిరాకేస్తోంది. ఈసారి మా గొడవ ఆ దాచడం మీదే.

గొడవకి కారణం రాయగడ ఇంట్లో ఉన్న బొమ్మరైలు ట్రాన్స్‌ఫార్మర్. అమెరికాలో స్థిరపడ్డ మా చిన్నతాతగారు డెబ్బైల చివర్లో సెలవులకొచ్చినప్పుడు, అక్కడెవరో వదిలించుకున్న లయొనెల్ రైలు సెట్టు పట్టుకొచ్చారు. ఇంజను, పెట్టెలు, మూడు పట్టాల లైను, వాటితో నల్లటి జెడ్‌డబ్ల్యూ ట్రాన్స్‌ఫార్మర్. 275 వాట్లది, రెండు పక్కలా రెండు పిడులు, మధ్యలో రెండు చిన్న నాబ్‌లు. 1948 నుంచి 1966 దాకా ఆ కంపెనీ ఈ మోడల్ చేసింది. పిల్లాడు ఒంటిచేత్తో ఎత్తలేనంత బరువు.

పండగలకి మా తాతగారు హాలంతా పట్టాలు పరిచేవారు. పీట పక్కన కొరాపుట్, బియ్యం డబ్బా దగ్గర రాయగడ. నిజం కొరాపుట్–రాయగడ లైను మొత్తం పూర్తయ్యేసరికి 1998 డిసెంబరు అయింది. మా హాల్లో అంతకుముందే బండి నడిచేసింది. నాన్నగారికి సునాబేడ ఫ్యాక్టరీ నుంచి బెంగళూరు బదిలీ అవడంతో మా చదువు కన్నడ మీడియంలో సాగింది. సైన్సు పుస్తకంలో "పరివర్తక" అన్న పాఠం వచ్చినప్పుడు క్లాసులో అందరికీ అది బొమ్మ, మాకు మాత్రం తాతగారి నల్లడబ్బా.

పోయిన సంక్రాంతికి దాన్ని బయటికి తీశాం. పిడి తిప్పితే బండి కదిలి, ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగింది. లోపల చిటపటమని నిప్పురవ్వలు. వెంటనే ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. అన్నయ్యావాళ్ళది కొత్తది కొనే పార్టీ. పెద్దత్తది షోకేసు పార్టీ: అద్దాల బీరువా చేయించి, లోపల లైటు పెట్టి, పక్కన తాతగారి ఫొటో పెడదామంది. రెండూ ప్రేమతో అన్న మాటలే. అయినా రెండూ పారెయ్యడమే అని మా వాదన. ఒక పార్టీ చెత్తబుట్టలో పారేస్తుంది, రెండోది అద్దాల వెనక పారేస్తుంది, అంతే తేడా.

ఎందుకంటే పాడయింది ట్రాన్స్‌ఫార్మర్ కాదు. మూత తీస్తే లోపల రాగి తీగ చుట్టు ఉంటుంది, దాని ఒక ముఖం మీద తీగ నగ్నంగా కనిపిస్తుంది. పిడి తిప్పినప్పుడు చిన్న కార్బన్ రోలరు ఒకటి ఆ చుట్ల మీద దొర్లుకుంటూ పోతుంది. తక్కువ చుట్ల దగ్గర ఆగితే తక్కువ వోల్టేజి, బండి మెల్లగా. ఎక్కువ చుట్ల దగ్గర ఆగితే వేగంగా. నాలుగు పిడులకీ నాలుగు రోలర్లు. దశాబ్దాలుగా అవి దొర్లీ దొర్లీ గాడి పడ్డాయి. అందులో ఒకటి పూర్తిగా బిగుసుకుపోయి, దొర్లడం మానేసి, ఒక పక్కే అరిగి చదునైంది. రవ్వలు అక్కడివే. బఠాణీ గింజంత ముక్క. దాని కోసం మొత్తం డబ్బాని బయట పడెయ్యడమేంటి?

కన్నడంలో అరగడాన్ని "సవెయువుదు" అంటారు, అరిగి చెల్లకుండాపోయిన నాణేన్ని "సవకలు నాణ్య" అంటారు. తెలుగు ఇంకాస్త దయగలది. మనకి చెప్పూ అరుగుతుంది, తిన్న అన్నమూ అరుగుతుంది. అరగడం మనకి రోగమేమీ కాదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, మేమే సిగ్గుపడాల్సినది, ఒకటుంది. నాలుగేళ్ళ కిందట ఇదే డబ్బాని ఊరు కాని ఊళ్ళో ఒక రిపేరు షాపులో ఇచ్చాం. కార్బన్ దొరకదని ఆయన ఇత్తడి ముక్కని లేత్ మీద గుండ్రంగా తీసి ఒక పిడికి బిగించాడు. బండి అద్భుతంగా నడిచింది. మేం చప్పట్లు కొట్టి డబ్బులిచ్చేశాం. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. డెమోలో నడిచిందంటే బాగుందని కాదని రోజుకి పదిసార్లు ఆఫీసులో కొట్లాడేవాళ్ళం, అక్కడ మాత్రం డెమో చూసి వచ్చేశాం. ఇంటికొచ్చి పది నిమిషాలు నడిపేసరికి వార్నిష్ కాలిన వాసన. భయపడి తీగ పీకేసి, ఆ పిడిని మళ్ళీ ముట్టుకోలేదు.

జరిగిందేమిటంటే, రోలరు ఎక్కడ ఆగినా పక్కపక్కనున్న రెండు చుట్లని ఒకేసారి తాకుతుంది. వాటి మధ్య వోల్టేజి తేడా చాలా తక్కువ. కానీ ఇత్తడితో కలిపితే ఆ ఒక్క చుట్టూ షార్టయిపోయి, అందులో విపరీతమైన కరెంటు తిరుగుతుంది. ఆ కరెంటు బయటికి రాదు కాబట్టి డబ్బాలో ఉన్న బ్రేకర్ పడదు. చడీచప్పుడు లేకుండా చుట్టు మాడుతుంది. కార్బన్‌కి సొంత నిరోధం ఉంటుంది, ఆ తిరుగుడు కరెంటుని అదే అదుపులో పెడుతుంది. మెత్తటిది కూడా కాబట్టి రాగిని కొరక్కుండా తనే అరుగుతుంది. చుట్టు బతకడానికి అరిగిపొమ్మని పెట్టిన ముక్క అది. "గట్టి" ముక్క పెట్టి మేం చేసింది బాగుచెయ్యడం కాదు, చుట్టుకి చితి పేర్చడం.

ఇది బొమ్మల లోకపు వింత అనుకునేవాళ్ళు కొరాపుట్ స్టేషన్‌కి వెళ్ళి నిలబడండి. కొత్తవలస–కిరండూల్ లైను మీద కరెంటు ఇంజను నెత్తిన ఉన్న పాంటోగ్రాఫ్‌ని చూడండి. పై తీగని రాసుకునే పట్టీ కార్బన్‌ది. పట్టీ అరుగుతుంది, మారుస్తారు. తీగ నిలుస్తుంది. పట్టీ అరిగిందని ఇంజన్ని మ్యూజియానికి పంపినవాడు ఇప్పటిదాకా లేడు. ఆ ఘాట్ ఎక్కిన వాగ్-5 ఇంజన్లలో డ్రైవరు తిప్పేది కూడా మా తాతగారు తిప్పినదే: ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీద 32 మెట్లు, మెట్టుకో వోల్టేజి. మెట్టు మారే క్షణంలో రెండూ షార్టవకుండా మధ్యలో ఒక రెసిస్టెన్స్‌ని తెస్తారు. బఠాణీ గింజంత కార్బన్ మా హాల్లో చేసిన పని అదే.

ఈసారి రాయగడలో మోటార్లు చుట్టే ఒక ఒడియా మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాం. మూత తీసి, అద్దాలు సర్దుకుని, "ఇత్తడి ఎవులు పెట్టినారు బాబూ?" అన్నాడు. మేమని చెప్పలేదు. ఆ పిడి కింద చుట్టు నల్లబడింది కానీ తెగలేదు. రోలర్లు అమెరికా నుంచి తెప్పించాం. ఈ మోడల్ ఆగిపోయి అరవై ఏళ్ళవుతున్నా చిన్న చిన్న వ్యాపారులు వాటిని ఇంకా అమ్ముతున్నారు. పాత రివెట్‌ని డ్రిల్‌తో తీసి, కొత్త రోలరు వేసి, అది వేలితో తాకితే తిరిగేంత వదులుగా రివెట్ వేశాడు. చుట్టు మీది మసిని స్పిరిట్ గుడ్డతో తుడిచాడు. స్టీల్ పీచు వాడతానంటే చెయ్యి పట్టుకున్నాడు, దాని పొడి చుట్ల మధ్య చిక్కుకుంటే మళ్ళీ షార్టేనట. నూనె చుక్క కూడా వెయ్యనివ్వలేదు.

ప్రమాదం అనేవాళ్ళ మాట మేం కొట్టిపారెయ్యం. పాత పవర్ కార్డు వంచితే రబ్బరు పెచ్చులూడింది. అలాంటి దాన్ని ప్లగ్గులో పెట్టేవాళ్ళకంటే షోకేసు పార్టీయే నయం. కార్డు మార్చాం. కూత వేయించే పాత రెక్టిఫయర్ బిళ్ళ తీసి సిలికాన్ డయోడ్ పెట్టాం. పట్టాలకి వెళ్ళే దారిలో చురుకైన కొత్త బ్రేకర్ వేశాం, ఈ విషయంలో కొత్తవే మేలు, ఒప్పుకుంటాం. ఇంకోటి: ఇది 115 వోల్టులు, 60 సైకిళ్ళ దేశపు సరుకు, మనది 50. అదే వోల్టేజి ఇస్తే కోర్ వేడెక్కుతుంది. 115ని 50తో గుణించి 60తో భాగిస్తే 96 దగ్గర వస్తుంది. అంచేత తాతగారి 110 వోల్టుల స్టెప్‌డౌన్ మానేసి, జపాన్ సామాన్లకి వాడే 100 వోల్టులది కొన్నాం. మొదటిసారి సీరీస్ బల్బు పెట్టి వెలిగించాం. బల్బు మెరిసి మసకబారింది. మిస్త్రీ మెగ్గర్ పెట్టి, బాడీకి లీకు లేదన్నాడు. అప్పుడు పట్టాలకి కలిపాం.

"ఒరిజినల్ పోయింది కదా" అని పెద్దత్త కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. లయొనెల్‌కి సర్వీసు స్టేషన్లుండేవి, రోలర్లు మార్చడం అక్కడ మామూలు పని. అరిగిన రోలరుతో ఊరుకోవడం ఎప్పుడూ ఒరిజినల్ కాదమ్మా.

మా అక్క కూతురు ఆరేళ్ళది. ఫొటోలో ఉన్న తాతయ్య దానికి ఎవరో తెలీదు. పిడి మీద దాని చెయ్యి, దాని చెయ్యి మీద మా నాన్నగారి చెయ్యి. "మెల్లగా తిప్పవే" అన్నారాయన. అది తాతగారి గొంతే. బీరువాలో లైటు పెడితే అది వినిపిస్తుందా?

ఒక పక్క పిడి, మధ్యలో ఒక నాబ్ పని చేస్తున్నాయి. మిగతా రెండు రోలర్లు వేసవి సెలవుల్లో మారుస్తాం. షోకేసుకి కొలతలు తీసుకెళ్ళిన వడ్రంగికి మాత్రం ఇంకా ఎవరూ కబురు చెప్పలేదు.