అరువు ముక్కలు, స్వదేశీ ముద్ర

లాభాల వేటలో కాస్త దేశభక్తి కూడా చూపండని త్రిదళాధిపతి హోదాలో జనరల్ అనిల్ చౌహాన్ 2025 నవంబరు 14న ఢిల్లీలో ప్రైవేటు రక్షణ పరిశ్రమను కోరారు. గడువులు తప్పుతున్నారని, స్వదేశీ వాటాను ఎక్కువ చేసి చెబుతున్నారని కూడా మొహమాటం లేకుండా అన్నారు. అంత పెద్ద సైన్యాధికారి కాంట్రాక్టర్లను బతిమాలుకోవాల్సి రావడమే సిగ్గుచేటు. ఒప్పందంపై సంతకం పెట్టినవాడిని అడగాల్సింది సరుకు, దేశభక్తి కాదు.

గడువుల విషయంలో పరిశ్రమ చెప్పే జవాబులో నిజం లేకపోలేదు. ఆర్డర్లు చిన్నవి, అవీ ఆగి ఆగి వస్తాయి. టెండరేమో తక్కువ కోట్ చేసినవాడిదే. ప్రభుత్వరంగ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ మాత్రం ఏం ఉద్ధరించింది? 2024 మార్చి నుంచి ఇవ్వాల్సిన తేజస్ మార్క్-1ఏ విమానాల్లో 2025 నవంబరు నాటికి ఒక్కటీ వైమానిక దళానికి చేరలేదు.

స్వదేశీ శాతం సంగతి అలా కాదు. అది ఆలస్యం కాదు, గారడీ. వంద రూపాయల డ్రోన్‌నే తీసుకుందాం. మోటార్లు, ఫ్లైట్ కంట్రోలర్, కెమెరా, బ్యాటరీ సెల్స్ బయటి నుంచి నలభై రూపాయలకు దిగాయి. ఇక్కడ ఫ్రేము కోసి, స్క్రూలు బిగించి, రంగు వేసి, జీతాలూ అద్దే లాభమూ కలిపి వందకు అమ్మారు. 2020 నాటి రక్షణ కొనుగోళ్ల విధానం ప్రకారం పన్నులు, దిగుమతి ఖర్చు తీసేస్తే మిగిలిందంతా స్వదేశీయే. అంటే ఎగరడానికి కావలసినవన్నీ పరాయివైనా అది అరవై శాతం మన డ్రోన్! అదే సరుకును నూట ఇరవైకి అమ్మితే స్వదేశీ ఇంకా పెరుగుతుంది. లాభం పెంచుకున్నకొద్దీ దేశభక్తి పెరిగే లెక్క ఇది. పైగా ఆ శాతాన్ని మొదట ధ్రువీకరించేదీ అమ్మేవాడే.

ఇది ఊహాగానం కాదు. చైనా విడిభాగాలున్నాయన్న కారణంతో 400 సరుకు రవాణా డ్రోన్ల ఒప్పందాలను రక్షణ శాఖ 2025 ఫిబ్రవరిలో రద్దు చేసుకుంది. గల్వాన్‌లో మన జవాన్లను చంపిన దేశం నుంచి ముక్కలు తెచ్చి, మళ్లీ ఆ సరిహద్దుకే పంపబోయారన్నమాట. మన రాష్ట్రానికే వద్దాం. హైదరాబాద్‌లోని అదానీ కర్మాగారం నుంచి 2024 జనవరిలో నౌకాదళానికి అందిన దృష్టి-10 డ్రోన్ 70 శాతానికి పైగా స్వదేశీ అని ప్రకటించారు. దాని మూలం ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్ తయారుచేసిన హెర్మెస్-900. అంకె నిజమే కావచ్చు. మిగతా ముప్పైలో ఉన్నదేమిటి? ఇంజినా, సెన్సార్లా, డేటా లింకా? అసలు ప్రశ్న అది. 2025 ఏప్రిల్‌లో చైనా రేర్ ఎర్త్ అయస్కాంతాలకు తాళం వేస్తే మన కార్ల కంపెనీలే విలవిల్లాడాయి. డ్రోన్ మోటారు తిరిగేదీ అయస్కాంతంతోనే.

అరువు ముక్క ఆగితే ఏమవుతుందన్న పాఠం వరంగల్ ఎప్పుడో చదివింది. 1934లో నిజాం సర్కారు అండతో వెలసిన ఆజంజాహి మిల్లుకు పత్తి ఈ నేలది, నేసిన చేతులు ఈ ఊరివి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దేశంలోని బట్టల మిల్లులు రాత్రింబవళ్లు నడిచాయి. బ్రిటిష్ ఇండియాలో 1940లో అధిక లాభాల పన్ను వేసి, 1943లో గుడ్డకూ నూలుకూ కంట్రోలు పెట్టాల్సి వచ్చేంతగా యజమానులు గడించారు. కానీ యంత్రాలు చాలావరకు ఇంగ్లండువి. ఓడలు ఆగాక కదురు అరిగితే కొత్త కదురు రాలేదు. గుడ్డ అచ్చంగా స్వదేశీ, దాన్ని నేసే శక్తి మాత్రం అరువు. యుద్ధం ముగిసేసరికి యంత్రాలు డొక్కువయ్యాయి. సికింద్రాబాద్‌లో యంత్ర పరికరాల సంస్థ ప్రాగా టూల్స్ 1943లో పుట్టింది ఆ కరువు రోజుల్లోనే. మరమ్మతు చేసుకోలేని సరుకును ఎంత వేగంగా తయారుచేసినా యుద్ధం మొదటి నెలతోనే ఆ వేగం చచ్చిపోతుంది.

శాతాల లెక్కకు స్వస్తి చెప్పాలి. ఏ ముక్క ఏ దేశానిదో, అది ఆగిపోతే ప్రత్యామ్నాయం ఏమిటో ప్రతి ఒప్పందంలో రాయించాలి. అబద్ధమని తేలితే సొమ్ము వెనక్కి తీసుకుని, కంపెనీని బ్లాక్‌లిస్టులో పెట్టాలి. డిఫెన్స్ కారిడార్ కావాలంటున్న రాష్ట్ర ప్రభుత్వం కూడా భూమి ఇచ్చేముందే ఈ షరతు పెట్టాలి. భద్రతా రహస్యాలంటూ అడ్డుపడేవారు ఉంటారు. చైనా మోటారు ఎవరికి వెళ్లిందో అమ్మిన చైనాకు తెలుసు. తెలియనిది కొన్న సైన్యానికి, పన్ను కట్టిన జనానికే!

ఆపరేషన్ సిందూర్ తరువాత 2025 జూన్‌లో అత్యవసర కొనుగోళ్ల కింద రూ.1,981 కోట్లకు 13 ఒప్పందాలు కుదిరాయి. వాటిలో ఎన్నింటి సరుకు గడువుకు అందింది, ఎన్నింటి విడిభాగాలను విప్పి చూశారు? వరంగల్ ఎంపీ కడియం కావ్య పార్లమెంటులో ఈ ప్రశ్న వేయాలి. రక్షణ మంత్రి శాతాల్లో కాకుండా పేర్లతో జవాబివ్వాలి.