మేము, మనము, ఒక పడవ
మార్కు సువార్త 4వ అధ్యాయంలో అలలకు పడవ నిండుతుండగా శిష్యులు నిద్రిస్తున్న యేసును లేపి మొరపెట్టుకొనే చోట, గ్రీకు క్రియ ఉత్తమ పురుష బహువచనమని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. తెలుగు ఊరుకోదు, ఎందుకంటే సర్వనామం వాడితే వినేవానిని కలుపుకొనే ‘మనము’, అతన్ని విడిచిపెట్టే ‘మేము’ అనే రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. మునిగేవారిలో యేసును కూడా లెక్కించారా అన్న ఆ ప్రశ్న, అంటే ఆ క్షణంలో ఆయన శిష్యులకు ఎవరిగా కనిపించాడన్న ప్రశ్న, ఇంగ్లీషు అనువాదకునికి ఎదురే కాదు. 1827లో డెన్మార్కు రాజు సనదుతో పట్టాలిచ్చే అధికారం పొందిన సెరాంపూర్ కళాశాల సంప్రదాయంలో ఎం.టి.హెచ్., అనగా వేదాంతశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా, కోసం బైబిలు అధ్యయనాన్ని ఎంచుకొనే తెలుగువారు పాత నిబంధన మూలభాషయైన హీబ్రూనూ, కొత్త నిబంధన గ్రీకునూ సాధారణంగా ఇంగ్లీషు వ్యాకరణాల ద్వారానే నేర్చుకొంటున్నందున, సొంత భాష చేతికిచ్చిన ఇంత పదునైన పనిముట్టు వారి బల్లమీదికే రావడం లేదు, ఇది నిజంగా బాధపడవలసిన నష్టం. తెలుగులో సిద్ధాంతవ్యాసం రాయడాన్ని ఇంగ్లీషు రానివారికి చేసే సడలింపుగా కాక, మూలపాఠాన్ని మరింత నిశితంగా చదివించే పద్ధతిగా గుర్తించాలి. కొరింథీయులకు పౌలు రాసిన రెండవ పత్రికలో ఏ బహువచనం శ్రోతలను కలుపుకొంటుందో, ఏది పౌలునూ అతని సహచరులనూ మాత్రమే సూచిస్తుందో వచనం వచనంగా తేల్చడమే ఒక పరిశోధనకు చాలినంత పని.