పికప్ బండికి ముందు గార్డు - ఏది మేలు?

నేను పైరుల పరీక్షకై గ్రామములకు పోయినపుడు రైతులు సాధారణముగా విత్తనములను గూర్చియు, తెగుళ్లను గూర్చియు, ఎరువుల మోతాదులను గూర్చియు ప్రశ్నింతురు. ఈ సంవత్సరము నాలుగైదు గ్రామములలో ఒక క్రొత్త ప్రశ్న నాకెదురైనది. "అయ్యా, పికప్ బండి కొంటిమి. దానికి ముందు ఏ గార్డు బిగించిన మంచిది? ఇనుపగొట్టములదా, స్టీలుదా? దీపములవఱకు వచ్చునది చాలునా, బానెట్టు ఎత్తు ఉండవలెనా?" అని అడుగుచున్నారు. అంతియగాక, రానున్న మహాసభలో పికప్ బండ్లకిచ్చు అప్పులో ముందు గార్డు ఖరీదును గూడ చేర్చవలయునని కొందఱు సభ్యులు తీర్మానము తేనున్నారని వినుచున్నాను. కావున నా అభిప్రాయమును ఈ పత్రికాముఖమున ముందుగానే విన్నవించుట నా విధియని తలంచితిని.

నా సమాధానము మొదటనే చెప్పెదను. ఏ గార్డును వలదు. ఆ సొమ్మును సంఘము వేఱొకదానికి ఇచ్చుట మేలు. ఇట్లు చెప్పుటకు గల కారణములలో నా తప్పిదము ఒకటి యున్నది. దానిని గూడ దాచక వ్రాసెదను.

రైతులు గార్డును కోరుటకు హేతువులు లేకపోలేదు. మొదటిది, కంప. పొలముదారుల కిరువైపులను సర్కారు తుమ్మ దట్టముగా పెరిగి, కొమ్మలు దారిమీదికి వ్రాలి, దీపముల అద్దములను గీచి, ముందరి జాలీని విఱుచుచున్నవి. రెండవది, రాత్రివేళ అడ్డువచ్చు పశువులును, అడవిపందులును. మూడవది, మార్కెట్టులోని రద్దీ. సీజనులో గుంటూరు మిర్చి యార్డునకు గాని, మదనపల్లె టమోటా మార్కెట్టునకు గాని పోయినవారికి, బండి వెనుక బండి ఎట్లు ఒరసికొని నిలుచునో తెలియును. నాలుగవది ఎవరును పైకి చెప్పరు. గార్డున్న బండికి ఠీవి యుండునని మనస్సులో మాట. నేను ఈ నాల్గింటిలో దేనిని గూడ పరిహసింపను. అప్పుచేసి కొన్న బండి. దాని దీపము పగిలిన, దాని రేడియేటరునకు చిల్లుపడిన, ఒకనాటి బేరము పోవును. టమోటా ఒకనాడు నిలిచిన మఱునాడు ధర పలుకదు.

అయినను ఏ విత్తనమైన ఏ నేలకు పుట్టినదో చూడక మన నేలలో చల్లరాదని మీకు నేను పదేపదే చెప్పుచుందును గదా. ఈ గార్డు విషయమును అట్టిదే. ఆస్ట్రేలియా దేశమున జనసంచారము లేని దూరపు మార్గములలో కంగారూలు రాత్రివేళ బండ్లకు అడ్డముగా దుముకును. రేడియేటరు పగిలి బండి నిలిచినచో సహాయమునకు మనుష్యుడు దొరకుట కష్టము. అట్టిచోట బలమైన ఇనుపకమ్మీల గార్డు వాడుకలోనికి వచ్చినది. ఆ దేశమువారు సైతము 2002లో, గార్డు తగిలిన బాటసారికి దెబ్బ తక్కువగునట్లు దాని ఆకారమెట్లుండవలెనో ప్రమాణము నేర్పఱచుకొనిరి. ఐరోపా సంఘము 2005లో, పరీక్షలో నిలువని గార్డులను అమ్మరాదని శాసించెను. మన బండ్లు పోవునది ఎడారిమార్గమున గాదు. ఉదయము బడిపిల్లలు, మధ్యాహ్నము మేకలు, సాయంకాలము కూలినుండి మరలు స్త్రీలు, కోతలకాలమున సగము రోడ్డుమీద ఆరబోసిన ధాన్యము, మొక్కజొన్న - వీటి నడుమనే మన బండి నడువవలెను.

ఇక చట్టము సంగతి. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని తయారీదారు వివరములకు భిన్నముగా యజమాని బండిని మార్చరాదు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖవారు, అనుమతి లేని క్రాష్ గార్డులును, బుల్ బార్లును ఈ సెక్షనునకు విరుద్ధములని తెలిపి, వానిపై కఠినచర్య గైకొనవలసినదని రాష్ట్రములకు వ్రాసిరి. 2019 సవరణచే చేరిన 182-ఏ సెక్షను ప్రకారము, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానా గాని, 6 నెలలవఱకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చును. "లారీలకన్నిటికి ఉన్నవి, ఎవరడుగుచున్నారు?" అని మీరనవచ్చును. దారిలో అడుగకపోవచ్చును. ప్రమాదము జరిగిన పిమ్మట పోలీసువారు అడుగుదురు, భీమా కంపెనీవారును అడుగుదురు. బండిని మార్చితివను మాట వాదమునకు వచ్చినచో, ఆ దినమున మనకు చేయూత కావలసిన కాగితమే మనకు ఎదురు నిలుచును. సంఘమే అప్పిచ్చి ఇట్టి మార్పును చేయించిన యెడల, సభ్యుని తప్పులో సంఘమునకును పాలుండును.

చట్టమును ప్రక్కకు పెట్టి, పదార్థతత్త్వమును చూతము. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి గోడకు తగిలినచో, ఆ దెబ్బ 20 అడుగుల ఎత్తునుండి నేలబడిన దెబ్బతో సమానము. వేగము 60 అయినచో ఆ ఎత్తు 46 అడుగులగును. అనగా తాటిచెట్టు మీదినుండి పడినట్లు. వేగము ఒకటిన్నర రెట్లైన, దెబ్బ రెండింతలకు మించును. ఇపుడు గట్టుమీదినుండి దుముకు మనుష్యుని తలంపుడు. దున్నిన నేలపై దుమికినవానికి కాలు కొంచెము లోపలికి దిగును గాని నొప్పి తెలియదు. అలికి ఎండిన కళ్లముమీద దుమికినవానికి మోకాళ్లు అదరును. ఎత్తు ఒకటే, మనిషి ఒకడే. భేదమంతయు, ఆగుటకు దొరకిన చోటులో నున్నది. బండి ముందుభాగము 50 సెంటీమీటర్లు నలిగి ఆగినచో లోపలివానికి తగులు బలము, 10 సెంటీమీటర్లలోనే ఆగినచో తగులు బలములో సుమారు అయిదవవంతు.

ఈ సూత్రమును గ్రహించియే బేలా బరేనీ అను ఇంజనీరు, బండి ముందును వెనుకను భాగములు నలుగునట్లు, మనుష్యులుండు నడిమిభాగము మాత్రము గట్టిగా నిలుచునట్లు నిర్మించు పద్ధతికి 1951లో పేటెంటు కోరెను. 1959లో అది మెర్సిడెస్ బెంజ్ కార్లలో ఆచరణలోనికి వచ్చెను. నలుగుట దాని బలహీనత కాదు, దాని పని. మన సరకు బండ్లలో కారునందున్నంత చోటు లేదు. ఉన్న కొలదిచోటునైనను, ఛాసిస్‌కు నేరుగా బోల్టులతో బిగించిన ఇనుపగార్డు వ్యర్థము చేయును. చిన్న తాకుడు గూడ బంపరును దాటి ఛాసిస్‌కు పోవును. బంపరు మార్చుట సులభము, ఛాసిస్ వంకర తీయుట కష్టము. గాలిసంచి యున్న బండ్లలో, వేగము ఎంత హఠాత్తుగా తగ్గినదో కనిపెట్టి అది తెఱచుకొనును. ముందు బిగించిన ఇనుము ఆ లెక్కను తప్పింపవచ్చును.

బరువును గూడ చూడుడు. 50 మిల్లీమీటర్ల వ్యాసమును, 3 మిల్లీమీటర్ల మందమును గల ఇనుపగొట్టము మీటరునకు సుమారు మూడున్నర కిలోలు తూగును. ఒక గార్డునకు 10 మీటర్లు పట్టినచో 35 కిలోలు. అది ముందు ఇరుసునకు సైతము ముందుగా వ్రేలాడు బరువు. రైతు కిరాయి లేకుండ సంవత్సరమంతయు మోయు మూట యిది.

ఇక నా తప్పిదము. కొన్నియేండ్ల క్రిందట ఒక గ్రామమున నాకు మిక్కిలి పరిచితుడైన రైతు పికప్ బండి కొని నన్నే సలహా యడిగెను. నేను ఆ దినములలో గార్డు మంచిదను లోకాభిప్రాయమునే నమ్మినవాడను. "గట్టిదే వేయింపుము" అంటిని. మఱుసటి యేడు మొక్కజొన్న కోతలలో, రోడ్డున సగము గింజలు ఆరబోసియుండగా, రాసుల నడుమనుండి ఒక పాలేరు కుమారుడు సైకిలుమీద హఠాత్తుగా వచ్చెను. బండి మెల్లగానే పోవుచుండెను. డ్రైవరు బ్రేకు వేసెను, బండి ఆగుచుండగనే గార్డు అడుగు గొట్టము పిల్లవాని తొడకు తగిలెను. ఎముక విఱిగెను. పండ్రెండేండ్ల పిల్లవాడు. బండికి గోరంత సొట్టయైన పడలేదు. నేను పోయి చూచినపుడు ఆ రైతు, "గార్డుండబట్టి బండి బ్రతికినదయ్యా" అనెను. అతడు దుర్మార్గుడు కాడు. వైద్యపు ఖర్చంతయు అతడే పెట్టెను. కాని ఆ మాట విన్ననాటినుండి నాకు మనశ్శాంతి లేదు. ఆ బాలుడు నేడు యువకుడు. చేలో దిగి నడచునపుడు ఒక కాలు ఈడ్చును. నలిగెడి బంపరు తగిలియున్నచో దెబ్బ ఎంత తగ్గియుండునో నేను కొలిచి చెప్పలేను. నలుగని ఇనుమును అచట నిలుపుమన్నవాడను మాత్రము నేనే.

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారు, 19 మందికి పైగా పాదచారులు. అనగా మూడింట రెండు వంతులవారు సుమారుగా తమ చుట్టు రేకైన లేనివారు. బండిలో కూర్చున్నవాని కన్నుతో మాత్రమే గార్డును చూచినచో ఈ లెక్క కనబడదు. మన పిల్లలు గూడ బండిలో కంటె బండియెదుటనే ఎక్కువకాలము గడుపుదురు.

మఱి కంపకు, పశువులకు, రద్దీకి ఏమి చేయవలెనని అడుగుదురు. కంపకు మందు కత్తి. తొలకరికి ముందు ఒకనాడు ఆ దారిని వాడు రైతులందఱు కలిసి, ఇరువైపుల కొమ్మలను బండి యెత్తునకు మించి నఱికించినచో, బండ్లకే గాక నడచువారికిని మేలు. సర్కారు తుమ్మ మొదటినుండి మరల చిగిర్చును గాన, వేరు పెకలింపనిచోట ఏటేట ఈ పని చేయవలసియుండును. గడ్డిపొట్టు పడిన దారిన పోయివచ్చిన దినమున, ఇంజను చల్లారిన పిమ్మట రేడియేటరు రెక్కల నడుమ చిక్కిన పొట్టును ఇంజనువైపునుండి వెలుపలికి మెల్లగా గాలితోనో నీటితోనో పోగొట్టవలెను. ధార మిక్కిలి బలముగా కొట్టినచో రెక్కలు వంగును.

పశువులకు మందు వేగము తగ్గించుట. ఆపదను చూచి బ్రేకుపై కాలు మోపుటకు ఒక సెకను పట్టుననుకొన్నచో, ఎండిన మంచి రోడ్డుమీద 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి పూర్తిగా ఆగుటకు సుమారు 40 మీటర్లు కావలెను. 40 కిలోమీటర్ల వేగమున 22 మీటర్లు చాలును. ఆ నడిమి 18 మీటర్లే గేదెకును, మనకును రక్ష. ఏ గార్డును ఆ 18 మీటర్లను ఇయ్యజాలదు. బరువెక్కువయైనను, టైరు అరిగినను, రోడ్డు తడిసినను ఈ దూరము ఇంకను పెరుగును. దీపముల అద్దములు తుడిచి, వాని చూపు రోడ్డుమీద సరిగా పడునట్లు సర్దించుకొనవలెను. మార్కెట్టు రద్దీలో దిగి వెనుకకు చూచి సైగచేయు మనిషి ఒకడు, నాలుగు గార్డుల పెట్టు.

ఠీవిని గూర్చి ఒక్కమాట. బండికి ఠీవి, అప్పు వాయిదా తప్పకుండ చెల్లించుటలో నున్నది.

కావున సభ్యులకు నా మనవి యిది. గార్డు ఖరీదును అప్పులో చేర్చు తీర్మానమును త్రోసిపుచ్చి, దానికి మారుగా అంతే మొత్తమును మంచి టైర్లకును, బ్రేకుల మరమ్మతునకును, ముందు తెల్లనివి, వెనుక ఎఱ్ఱనివియైన మెఱయు పట్టీలకును, సరకుపై కప్పు పట్టాకును ఇచ్చునట్లు తీర్మానింపుడు. తయారీదారు బండితోనే ఇచ్చి, ప్రభుత్వపరీక్షలో నెగ్గించిన భాగములను గూర్చి నేను చెప్పుటలేదు. దుకాణమున వెల్డింగు చేయించి బిగించు ఇనుమును గూర్చియే నా వాదము. ఇప్పటికే బిగించినవారు వచ్చు సంక్రాంతిలోగా విప్పించి పాతయినుముక్రింద అమ్మినచో, కొంత సొమ్మైనను చేతికి వచ్చును.

నేను పూర్వము ఒకనికి చెప్పిన సలహాను ఇపుడు అందఱి యెదుట ఉపసంహరించుకొనుచున్నాను. నా మాట నమ్మి గార్డు వేయించుకొన్నవారు మఱియెవరైన నున్నచో, వారు మొట్టమొదట విప్పింతురుగాక యని కోరుచున్నాను.